సౌండ్ మాడ్యూలా, సాఫ్ట్‌వేరా? ఇంట్లో రికార్డింగ్ పెట్టుకునే ముందు ఈ లెక్క చూసుకోండి

నాత్, హమ్ద్, గజల్, ఖవ్వాలీ, షాదీ పాటలు... వీటిని రికార్డు చేయడానికి ఇప్పుడు స్టూడియోకే వెళ్లాల్సిన పని లేదు. ఒక గది, ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి మైకు ఉంటే యూట్యూబ్‌లో పెట్టుకునేంత శుభ్రంగా ఇంట్లోనే చేసుకోవచ్చు. మన కుర్రాళ్లు చాలామంది చేస్తున్నారు కూడా. చిక్కంతా మొదటి ఖర్చు దగ్గరే వస్తోంది. "సౌండ్ మాడ్యూల్ కొంటేనే ప్రొఫెషనల్ సౌండ్ వస్తుంది" అని ఒకరంటారు. "అన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, డబ్బాలెందుకు భాయ్" అని ఇంకొకరంటారు. మధ్యలో ఇంట్లోవాళ్లు వేల రూపాయలు తీసివ్వాలి.

ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. ఏ సగం మీకు పనికొస్తుందో తేలాలంటే సౌండ్ ఏది గొప్ప అని కాదు, మీరు ఎక్కడ వాయిస్తారు అని అడగాలి.

ముందుగా ఒక మాట. వాద్యాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. ఆ చర్చ ఈ వ్యాసం పని కాదు. మీ ఇంట్లో గొంతుతోనో, దఫ్‌తోనో మాత్రమే నాత్ చదివే పద్ధతి ఉంటే మీకు మాడ్యూలూ వద్దు, సింథ్ సాఫ్ట్‌వేరూ వద్దు. డబ్బంతా మైకు మీద, గదిలో చప్పుడు తగ్గించడం మీద పెట్టండి. వాద్యాలు వాడేవాళ్లకే మిగతా వ్యాసం.

రెండూ చేసే పని ఒకటే

కీబోర్డు మీద మెట్టు నొక్కినప్పుడు దానిలోంచి 'మిడి' అనే సందేశం వెళ్తుంది. అందులో శబ్దం ఉండదు. ఫలానా స్వరం, ఇంత బలంగా నొక్కారు, ఇప్పుడు వదిలారు, అంతే. ఆ బలాన్ని 127 వరకు అంకెల్లో చెబుతుంది. హోటల్లో వెయిటర్ వంటగదికి పంపే చీటీ లాంటిదన్నమాట. చీటీలో బిర్యానీ ఉండదు, ఏం కావాలో రాసి ఉంటుంది. వండేది వంటగదే.

సౌండ్ మాడ్యూల్ ఒక వంటగది. మెట్లు లేని డబ్బా అది. లోపల పియానో, వయొలిన్, ఫ్లూట్ లాంటి శబ్దాలు చిప్‌లో నిల్వ ఉంటాయి. చీటీ రాగానే శబ్దం బయటికి పంపిస్తుంది. షాదీ ఫంక్షన్లలో ఆర్కెస్ట్రా కుర్రాళ్లు కర్రలతో వాయించే ఆక్టోప్యాడ్ చూసే ఉంటారు. అది ఒక రకంగా ప్యాడ్లు బిగించిన సౌండ్ మాడ్యూలే. సాఫ్ట్‌వేర్ సింథ్ రెండో వంటగది. అదే పనిని ల్యాప్‌టాప్ ప్రాసెసర్ చేస్తుంది.

మిడి పద్ధతి 1983లో వచ్చింది. అప్పటి గుండ్రటి 5 పిన్నుల కేబుల్‌తో నేటి పరికరాలు కూడా మాట్లాడుకుంటాయి. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. మీరు వాయించిన చీటీలను ల్యాప్‌టాప్‌లో దాచుకోవచ్చు. ఇవాళ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిన పాటకు రెండేళ్ల తర్వాత మంచి మాడ్యూల్ కొని, మళ్లీ వాయించకుండానే, కొత్త శబ్దం పెట్టుకోవచ్చు. అంటే ఈరోజు చిన్నగా మొదలుపెడితే రేపటికి నష్టమేమీ లేదు.

"డబ్బా సౌండే గొప్ప" అనేది ఎంత నిజం?

1990ల్లో ఇది పూర్తి నిజం. రోలండ్ కంపెనీ 1991లో ఎస్‌సీ-55, 1994లో జేవీ-1080 మాడ్యూళ్లు తెచ్చింది. అప్పటి కంప్యూటర్లకు అంత శబ్దం పుట్టించే బలం లేదు. 1999లో స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీ పద్ధతిలో వాద్యాలను కూడా నడిపించే ఏర్పాటు తెచ్చాక లెక్క మారింది.

ఇప్పుడు చూడండి. జేవీ-1080లో వాద్యాలన్నిటి శబ్దాలూ కలిపి 8 ఎంబీలో సర్దారు. వాట్సాప్‌లో వచ్చే ఒక చిన్న వీడియో అంత. సలమాండర్ గ్రాండ్ పియానో అని ఉచితంగా దొరికే శబ్దాల సెట్ ఉంది. అందులో యమహా సీ5 పియానో ఒక్కదాన్నే మెట్టు నొక్కే బలాన్ని బట్టి 16 స్థాయిల్లో రికార్డు చేశారు. యమహా డీఎక్స్7 అనే 1983 నాటి ప్రసిద్ధ సింథ్‌ను అనుకరించే డెక్స్‌డ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. రోలండ్ తన పాత మాడ్యూళ్ల శబ్దాలను తానే సాఫ్ట్‌వేర్‌గానూ విడుదల చేసింది.

మాడ్యూల్ కూడా లోపల ఒక చిన్న కంప్యూటరే. కాకపోతే ఒకే పనికి కట్టుబడిన కంప్యూటర్. కాబట్టి రికార్డింగ్ విన్నవాళ్లకు "ఇది డబ్బా, ఇది ల్యాప్‌టాప్" అని తేడా తెలియడం కష్టం. పాత పాటల్లో విన్న అదే మాడ్యూల్ రంగు కావాలనుకునేవాళ్ల సంగతి వేరు.

డబ్బా ఇప్పటికీ గెలిచేది ఇక్కడ

మెట్టు నొక్కాక శబ్దం వినపడేదాకా పట్టే సమయాన్ని లేటెన్సీ అంటారు. మాడ్యూల్‌లో ఇది సాధారణంగా పట్టించుకోనంత తక్కువ. ల్యాప్‌టాప్ మాత్రం శబ్దాన్ని చిన్న చిన్న కట్టలుగా కట్టి పంపుతుంది. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని 'బఫర్' అంటారు. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన 256 శాంపిళ్ల కట్టకు సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది. 1,024 పెడితే 21 దాటుతుంది. దీనికి తోడు మిగతా పరికరాల ఆలస్యం కొంత.

గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో అడుగు కంటే కాస్త ఎక్కువ దూరం పోతుంది. కాబట్టి 10 మిల్లీసెకన్ల ఆలస్యమంటే స్పీకరు 11 అడుగుల దూరంలో ఉన్నట్టు. అంతవరకు చాలామందికి ఇబ్బంది ఉండదు. అది 25 దాటితే తాళం వేయడం కష్టమైపోతుంది.

దీనికి మందు ఉంది. ఆడియో ఇంటర్‌ఫేస్ వాడాలి, దానితో వచ్చిన డ్రైవర్ వేసుకోవాలి, వాయించేటప్పుడు బఫర్ తగ్గించి మిక్సింగ్ అప్పుడు పెంచుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అసలు పెట్టొద్దు. వాటి ఆలస్యం 100 మిల్లీసెకన్లు కూడా దాటుతుంది. వైరున్న హెడ్‌ఫోన్సే వాడండి.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఆగిపోతే మళ్లీ ఆన్ చేసుకుంటారు. వలీమా స్టేజీ మీద 500 మంది ముందు ఆగిపోతే? ప్రోగ్రాముల మీద బతికేవాళ్లు మాడ్యూల్‌నో, శబ్దాలున్న కీబోర్డునో నమ్ముకోవడానికి కారణం ఇదే. స్విచ్ వేస్తే పాడుతుంది. మధ్యలో అప్‌డేట్లు అడగదు.

అసలు ఖర్చు ధరలో కనపడదు

మాడ్యూల్ కొంటే పని అయిపోయినట్టు కాదు. దాని శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలంటే సాధారణంగా ఆడియో ఇంటర్‌ఫేస్ కావాల్సిందే. స్టీరియోలో రావాలంటే ఎడమ, కుడి రెండు లైన్ ఇన్‌పుట్లు కావాలి. చిన్న ఇంటర్‌ఫేసుల్లో మొత్తం ఉండేదే రెండు. అప్పుడు మైకు పీకి మాడ్యూల్, మాడ్యూల్ పీకి మైకు. పైగా వాయించడానికి మెట్లున్న కీబోర్డు వేరే. సాఫ్ట్‌వేర్ దారిలోనూ మైకుకు ఇంటర్‌ఫేస్, వాయించడానికి మిడి కీబోర్డు కావాలి, కానీ డబ్బా ఖర్చు మిగులుతుంది.

సాఫ్ట్‌వేర్‌కూ దాని ఖర్చులున్నాయి. పెద్ద శబ్దాల లైబ్రరీలకు కనీసం 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటేనే నడక బాగుంటుంది. కొన్ని నెలవారీ చందా మీద నడుస్తాయి. నెలకు చిన్న మొత్తమే అనిపిస్తుంది, దాన్ని 36తో గుణించి చూడండి. కట్టడం ఆపితే ఆ శబ్దంతో చేసిన పాత పాటను మళ్లీ సరిచేయడం కూడా కుదరకపోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ మారితే పాత సాఫ్ట్‌వేర్ పోయే ప్రమాదమూ ఉంది. 2019లో యాపిల్ కాటలీనా వెర్షన్ తెచ్చినప్పుడు 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. మాడ్యూల్‌ను అవసరం తీరాక అమ్ముకోవచ్చు. సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో చాలావాటిని ఇంకొకరికి అమ్మడం కుదరదు, కుదిరినా కంపెనీ షరతులుంటాయి.

సెకండ్ హ్యాండ్ మాడ్యూల్ చూస్తుంటే మూడు విషయాలు పరీక్షించండి:

- వెనక రాసున్న వోల్టేజ్. జపాన్‌లో 100, అమెరికాలో 120, మన దగ్గర 230. అమెరికా నుంచి మామూ తెచ్చిన డబ్బాను అలాగే ప్లగ్‌లో పెడితే కాలిపోవచ్చు. 100-240 అని రాసుంటే పర్వాలేదు, లేకపోతే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.
- లోపలి బ్యాటరీ. చాలా పాత మాడ్యూళ్లలో సీఆర్2032 లాంటి బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే మీరు దాచుకున్న సెట్టింగులు పోతాయి.
- డిస్‌ప్లే, బటన్లు, అన్ని అవుట్‌పుట్లు. డబ్బిచ్చే ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

వడ్డీ ఈఎంఐ మీద సామాను కొనడం ఇష్టం లేని కుటుంబాలు మనలో ఎక్కువ. అలాంటివాళ్లకు సాఫ్ట్‌వేర్ దారే సులువు. ఒక్కొక్కటిగా, చేతిలో డబ్బు ఉన్నప్పుడే చేర్చుకుంటూ పోవచ్చు.

'క్రాక్' ఉచితం కాదు

"లక్ష రూపాయల సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తా" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. అదే ల్యాప్‌టాప్‌లో ఇంట్లోవాళ్ల బ్యాంకు లాగిన్లు, ఆధార్ కాపీలు ఉంటాయని మరిచిపోవద్దు. క్రాక్ ఫైళ్లతో వైరస్‌లు రావడం మామూలే. చట్టం కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉంటాయి. లాభం కోసం వాడలేదని తేలితే జైలు శిక్ష లేకుండా జరిమానాతో వదిలే వీలు కోర్టుకుంది.

దీన్-పరంగానూ ఇది చిన్న విషయం కాదు. రచనలు, ఆవిష్కరణల మీద హక్కులకు షరీఅత్‌లో రక్షణ ఉందని, వాటిని ఉల్లంఘించకూడదని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 1988 డిసెంబర్‌లో కువైట్ సమావేశంలో తీర్మానించింది. ఇంకొకరి హక్కు తీసుకుని నాత్ రికార్డు చేయడం ఎంతవరకు బాగుంటుందో మీరే ఆలోచించండి.

నిజానికి ఆ అవసరమే లేదు. ఐఫోన్, మ్యాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. ఆండ్రాయిడ్‌కు బ్యాండ్‌ల్యాబ్ ఉంది. విండోస్‌లో రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. సింథ్ శబ్దాలకు సర్జ్ ఎక్స్‌టీ, డెక్స్‌డ్, ఉచితంగా దొరుకుతాయి. ఆర్కెస్ట్రా రకం శబ్దాలకూ ఉచిత సెట్లున్నాయి.

ఎవరికి ఏది?

- ఇంట్లోనే రికార్డింగ్, తక్కువ బడ్జెట్: సాఫ్ట్‌వేర్. డబ్బు ఈ వరుసలో పెట్టండి: మైకు, ఇంటర్‌ఫేస్, వైరున్న హెడ్‌ఫోన్స్, ఆ తర్వాత చిన్న మిడి కీబోర్డు.
- ఇంట్లో ఇప్పటికే యమహా పీఎస్ఆర్-ఐ500, రోలండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటి కీబోర్డు ఉంటే: ఇప్పుడేమీ కొనకండి. వాటిలో మన వాద్యాల శబ్దాలున్నాయి, యూఎస్‌బీ కేబుల్ పెడితే మిడి కీబోర్డుగానూ పనిచేస్తాయి. రెండు వంటగదులూ మీ చేతిలో ఉన్నట్టే.
- ఖవ్వాలీ, గజల్ పాడేవాళ్లు: అసలు హార్మోనియం ఉంటే దాని ముందే మైకు పెట్టండి. మాడ్యూల్ అయినా, సాఫ్ట్‌వేర్ అయినా ఆ బెల్లో ఊపిరిని పూర్తిగా పట్టుకోలేవు.
- నెలలో ఎక్కువ రోజులు స్టేజీ ప్రోగ్రాములు చేసేవాళ్లు: మాడ్యూల్, లేదా శబ్దాలున్న కీబోర్డు. ఇది మీకు పనిముట్టు, పెట్టిన డబ్బు తిరిగొస్తుంది.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక నెల ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ఒక పాట మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేయండి. ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాసుకోండి. గొంతు బాగా రాలేదంటే మైకు కొనాలి. నొక్కాక ఆలస్యంగా వినపడుతోందంటే ఇంటర్‌ఫేస్ కావాలి. కావాల్సిన వాద్యం శబ్దం ఎక్కడ వెతికినా దొరకలేదంటే, అప్పుడు మాడ్యూల్ ధర అడగండి.