పని గంటయు ఇంటి దీపమును

తోటలలో బ్రదుకువారికి పనిచోటును ఇల్లును ప్రక్కప్రక్కనే యుండును. వారున్న లైనిల్లును తోటదే, మేలుకొలుపు గంటయు తోటదే. కావున పని యెచట ముగియునో, సంసార మెచట మొదలగునో చెప్పుట కష్టము. పనిభారము హెచ్చినకొలది ఆ హద్దు ఇంటివైపునకే జరుగుచుండును.

మలయాలోని రబ్బరుతోటలలో ఇట్లే జరిగెను. ఎండ యెక్కినచో చెట్టునుండి పాలు కారుట తగ్గును గనుక, తెల్లవారకమునుపే కూలీలను పిలిచి హాజరు వేయుచుండిరి. తల్లి అంతకుముందే లేచి వంటచేసి, నిద్రించుచున్న బిడ్డను ఆయాకు అప్పగించి చెట్లు గీయబోవుచుండెను. బడియీడు పిల్లలు పదిమంది యున్న తోటలో పాఠశాల యుండవలెనని 1923వ సంవత్సరపు కార్మిక శాసనము విధించెను. అయినను చిన్నవారిని చూచుకొనుటకై ఇంటి పెద్దపిల్ల బడి మానుట సామాన్యమై యుండెను.

తరువాతి కాలమున రబ్బరుతోటలు పెక్కు పామాయిల్ తోటలుగా మారినవి. అందు ముదురుచెట్టు గెల 20 కిలోలకు మించుటయు గలదు. గెలల లెక్కనుబట్టి కూలి యిచ్చుచోట, నియమించిన లెక్క ఒక్కని శక్తికి మించినప్పుడు భర్త భార్యను వెంటబెట్టుకొనిపోవును. ఆమె రాలినపండ్లను ఏరి గోనెల కెత్తును. సెలవుదినమున బిడ్డయు పోవును. పట్టీలో పేరు ఒక్కటి, పనిచేయు చేతులు ఆరు, కూలి ఒక్కరిది. ఇట్లు పూర్తిచేసిన లెక్కనే మరుసటి నెలలో అందఱికి కొలతగా నుంచినచో భారము మరల పెరుగును.

మలేషియా ద్వీపకల్పమున 1955వ సంవత్సరపు ఉద్యోగ శాసనము వారమున కొక విశ్రాంతిదినము నిచ్చినది. 2023 జనవరి 1వ తేదీనుండి వారపు పనిగంటలు 48 నుండి 45కు తగ్గెను. ప్రసూతి సెలవు 60 దినములనుండి 98 దినములకు పెరిగెను. ఈ మేళ్లు పట్టీలో పేరున్నవారికే దక్కును. పేరులేని స్త్రీకి పనిగంటల మితి లేదు, ప్రసూతి సెలవు లేదు, 1951లో నెలకొల్పబడిన భవిష్యనిధిలో ఆమె పేర చేరు సొమ్మును లేదు.

కావున భార్య తోటపనికి పోవలసివచ్చినచో, ఆమె పేరును పట్టీలో వ్రాయుమని ముందుగా అడుగవలెను. ఒంటిగా అడుగుటకంటె నాలుగిండ్లవారు కూడి సంఘముద్వారా అడుగుట మేలు. కోసిన గెలల సంఖ్యను, పనికి పోయిన వేళను, తిరిగివచ్చిన వేళను ఇంట నొక పుస్తకములో వ్రాసికొనవలెను. చదువు నేర్చిన బిడ్డ ఈ లెక్క వ్రాయగలడు. బడివేళ బిడ్డను తోటకు పిలువరాదు. మగవాడు మొదట ఇల్లు చేరినచో పొయ్యి రాజేయుట అవమానము గాదు. రాత్రి భోజనమునకు అందఱును కూర్చుండి, మేస్త్రీ మాటలు మాని బిడ్డల మాటలు వినవలెను. ఉదయము తోటదైనను, సాయంకాలము నింటివారు తమదిగా నిలుపుకొనవలెను.