మీకు తెలుసా? వామనగుంటలకు ఘనాలో చుట్టం

ఉండి, ఆకివీడు ఊళ్లలోని ఇళ్లలో మామ్మలు మనవలతో ఆడే వామనగుంటలు, ఆఫ్రికాలోని ఘనాలో ఆడే ఒవారే ఒకే కుటుంబానికి చెందిన ఆటలు. ప్రపంచం ఈ కుటుంబాన్ని మంకాలా అంటుంది. తమిళుల పల్లాంగుళి, ఫిలిప్పీన్స్‌లోని సుంగ్కా కూడా ఇందులోవే.

మనకు వరుసకు 7 చొప్పున 14 గుంటలు. ఒవారేలో 12 గుంటలు, 48 గింజలు. మన ఆటలో ఒక గుంటలోని చింతపిక్కలన్నీ తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటిగా వేసుకుంటూ వెళ్లాలి. చేతిలోవి అయిపోగానే పక్క గుంటలోవి తీసి సాగించాలి. ఆ పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని తర్వాతి గుంటలో ఉన్నవన్నీ మనవే.

చిన్నపిల్లలకు ఇది మంచి లెక్కల పాఠం. ఒక గుంటకు ఒక్కటే పిక్క అన్న క్రమం చేతికి అలవాటవుతుంది. గుంటకు 5 చొప్పున పోస్తే మొత్తం 70 అని వాళ్లే లెక్కపెట్టి చెబుతారు. ఇంకొన్నాళ్లకు, ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతామో పిక్క కదపకుండానే ఊహించడం మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు చదువు అదే.

గుంటల పీట లేకపోయినా ఫరవాలేదు. గచ్చు మీద సుద్దముక్కతో 14 సున్నాలు చుట్టండి. 30 గుడ్ల అట్టలోంచి రెండు పొడవు వరుసలు కత్తిరిస్తే 12 గుంటల ఒవారే బల్ల సిద్ధం. మూడేళ్లలోపు పిల్లలు మాత్రం పిక్కలు నోట్లో పెట్టుకుంటారు, గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. వాళ్లకు అందకుండా చూడండి.