పాట ఒక చోట, పటం ఒక చోట

కూనపులి కథకుడు పద్మశాలీల వాడకు వచ్చాడంటే మూరల కొద్దీ పటం వెంట వచ్చినట్టే. గుడ్డను పైనుంచి కిందికి గడి తర్వాత గడి విప్పుతూ, కర్రతో చూపిస్తూ మార్కండేయ పురాణం చెబుతాడు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. ఏ కులం పటం విప్పే హక్కు ఆ కులాన్ని ఆశ్రయించుకున్నవాళ్లదే.

ఈ పటాలు వేసేది చేర్యాల నకాషీ చిత్రకారులు. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా చేర్యాల వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి పూతలు పడతాయి. ఆపైన ఎర్రటి నేల, గడికీ గడికీ నడుమ పూలతీగ. కామిక్స్ అనే మాట పుట్టకముందే ఇక్కడ గళ్లలో కథ నడిచింది.

మరి ఇక్కడి పాటనూ పటాన్నీ చదివిందెవరు? ఇద్దరున్నారు, ఇద్దరూ 1925లోనే పుట్టారు.

వరంగల్ దగ్గరి దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేశారు. తెలుగు జానపద సాహిత్యంలో తొలి డాక్టరేట్ అదే. 1958లో అది పుస్తకమైంది. రెండోవారు జగదీశ్ మిత్తల్. శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్చి, హైదరాబాద్‌లో స్థిరపడి, భార్య కమలతో కలిసి జీవితమంతా కళాఖండాలు పోగుచేశారు. 1976లో వాటిని మ్యూజియంగా మలిచారు. వాటిలో 1625 నాటి తెలంగాణ పటమూ ఉంది. శిథిలమైన పటాన్ని నీళ్లలో కలిపేయడం ఆచారమైన చోట అంత పాతది మిగలడం విశేషమే. 2014లో దక్కనీ పటాల మీద ఆయన ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు.

రామరాజు చెవి పాట మీద, మిత్తల్ కన్ను గీత మీద. గడి నుంచి గడికి కథ ఎలా దూకుతుందన్న ప్రశ్న మాత్రం ఇద్దరి మధ్యా జారిపోయిందనిపిస్తుంది.

ఫ్రెంచి భాషలో ఆ ప్రశ్నే ఒక శాస్త్రమైంది. 1957లో బ్రస్సెల్స్‌లో పుట్టిన తియెరీ గ్రూన్‌స్టీన్ మొదట కామిక్స్ మీద వచ్చే పత్రికకు సంపాదకుడు, తర్వాత ఆంగులేమ్ కామిక్స్ మ్యూజియంకు డైరెక్టర్. 1999లో తెచ్చిన సిద్ధాంత గ్రంథంలో ఆయన వాదన సూటిగా ఉంటుంది: కామిక్స్‌కు ప్రాణం ఒక్కో బొమ్మలో లేదు, బొమ్మల మధ్య పొత్తులో ఉంది. దూరంగా ఉన్న గళ్లు కూడా ఒకదాన్నొకటి పలకరిస్తాయి, పాఠకుడు పేజీ వెనక్కి తిప్పి ఆ పలకరింపు పట్టుకుంటాడు.

మన పటం దగ్గర ఈ సిద్ధాంతం కొంచెం తడబడుతుంది. ఇక్కడ వెనక్కి తిప్పే అధికారం చూసేవాడికి లేదు. ఎంత విప్పాలో, ఏ గడి దగ్గర ఎంతసేపు నిలబడాలో కథకుడే తేలుస్తాడు. బొమ్మల మధ్య ఖాళీని పూరించేది ఆయన గొంతు. గ్రూన్‌స్టీన్ చదువు పుస్తకాల మీద సాగింది కాబట్టి ఆయనకు ఈ మూడో మనిషితో పని పడలేదు.

ఇప్పుడు చేర్యాలలో పొడవాటి పటాలు అడిగేవాళ్లు తగ్గారు. గోడకు తగిలించుకోవడానికి ఒంటి గడి బొమ్మలు, మాస్కులు ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. రంగు అదే, గీత అదే, పక్క గడి మాత్రం ఉండదు.