వైద్యశాల తలుపు ఏ వేళ తెరవవలెను?
విశాఖ జాలరిపేట నేర్పు పాఠము

వైద్యశాల మీ ఊరికి ఎన్ని మైళ్ళ దూరములో ఉన్నదని ఎవరైన అడిగినచో మీరు వెంటనే చెప్పగలరు. కాని అది ఏ వేళకు తెరచుదురు, ఏ వేళకు మూయుదురు, ఆ వేళలో మీరు ఎచ్చట ఉందురు అని ఎప్పుడైన లెక్క చూచుకొంటిరా? ఈ చిన్న లెక్కలో పెద్ద సంగతి ఇమిడి ఉన్నది. దానిని గ్రహించుటకు విశాఖపట్టణములోని జాలరిపేట వరకు ఒక్కసారి పోయి వత్తము.

చేరువలోని దూరము

జాలరిపేట సముద్రపు ఒడ్డున వెలసిన మత్స్యకారుల పేట. విశాఖలో 1933లో రేవు తెరువబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. చూచుచుండగనే పట్టణము మహానగరమైనది. కింగ్ జార్జి ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల రెండును 1923 నుండి ఈ నగరములోనే ఉన్నవి. ఉత్తర కోస్తా జిల్లాల నుండియు, ఒడిశా నుండియు రోగులు ఆ ఆసుపత్రిని వెదకుకొనుచు వత్తురు. పేటకు అది కొద్ది మైళ్ళే. ఇంత పెద్ద ఆసుపత్రి ఇంత దగ్గర ఉండగా పేటవారికి వైద్యమునకు కొదువ ఏమి అని మనకు తోచును.

అయితే పేటలో ఒక దినము ఎట్లు గడచునో చూడుడు. తెప్పలు, ఫైబరు పడవలు ఇంకను చీకటి ఉండగనే కడలిలోనికి పోవును. కొందరు రాత్రియంతయు నీటిమీదనే ఉందురు. మరపడవలమీద పోయినవారు దినముల తరబడి ఇల్లు చేరరు. పడవ ఒడ్డుకు తగిలినదో లేదో ఆడువారి పని మొదలగును. చేపను బేరమాడి కొని, గంపకెత్తుకొని, ఎండ ముదురకముందే అమ్మవలెను. ప్రొద్దెక్కినచో చేప చెడును, ధర పడును. మిగిలిన దానికి ఉప్పు పట్టించి ఎండవేయవలెను. మగవారు వలలు బాగుచేసికొని కొంత నిద్రపోవలెను. ఇక ఆ ఇంట తీరిక దొరకునది సాయంకాలమే. ప్రభుత్వ వైద్యశాలలో బయటి రోగులను చూచు వేళ సాధారణముగా ఉదయము మొదలై, పేటకు తీరిక చిక్కు వేళకు ముగియును.

పెద్ద ఆసుపత్రికి పోయినవారు చీటీకి ఒక వరుసలో, వైద్యునికి ఒక వరుసలో, పరీక్షకు ఒక వరుసలో, మందుకు మరియొక వరుసలో నిలువవలెను. దినము గడచిపోవును. మందు ఉచితమే, కాని ఆ దినపు చేప ఉచితము కాదు. గంప ఎత్తని దినమున పొయ్యి ఎట్లు వెలుగును అని ఆ ఇల్లాలు ఆలోచించుటలో తప్పు లేదు.

ఆలస్యమునకు చెల్లించు వెల

జ్వరము వచ్చినచో మనిషి పడుకొనును, కావున ఎవరో ఒకరు వైద్యుని చూపింతురు. నొప్పి లేని జబ్బులే మోసము చేయును. రక్తపుపోటు అట్టిది. ఎక్కువమందిలో అది ఏ గుర్తును చూపదు. కొలిచి చూచిననే తెలియును. పలుమార్లు కొలిచినను 140/90 గాని, అంతకు మించి గాని ఉన్నచో వైద్యము అవసరము. రోజునకు 5 గ్రాములు, అనగా ఒక చెంచా ఉప్పునకు మించి తినరాదని వైద్యులు చెప్పుదురు. ఎండుచేప, పచ్చడి ప్రతిదినము తినువారి ఇండ్లలో ఉప్పు ఈ హద్దు దాటుట సులభము. నలుబదియైదేండ్ల జాలరి ఒకడు పోటు ఉన్నదని ఎరుగక ఏండ్లు గడపి ఒకనాడు పక్షవాతముతో కూలినాడనుకొనుడు. కూలినది ఒక మనిషి మాత్రమే కాదు. ఆ పడవలో పాళ్ళు పంచుకొను కుటుంబములన్నిటికిని దెబ్బ తగులును. వైద్యమునకు చేసిన అప్పు బిడ్డల చదువును మ్రింగును. దీనిని ఆపగలిగినది కొద్ది ఖరీదు గల రోజువారీ మాత్ర. ఆ మాత్ర ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగనే దొరకును. లేనిదెల్ల అది అందుకొను వేళయే.

పేటలోను పల్లెలోను ఆర్.ఎం.పి. వైద్యుని ఆశ్రయించువారిని మనము తరచు నిందింతుము. తగిన చదువు లేనివాడు సూది వేయుట ప్రమాదకరమే, సందేహము లేదు. కాని జనులు అతని యొద్దకు ఎందుకు పోవుదురు? అతడు రాత్రి ఎనిమిది గంటలకును తలుపు తీయును. పేరుపెట్టి పిలుచును. సొమ్ము తరువాత ఇమ్మనును. ఈ మూడు గుణములు ప్రభుత్వ వైద్యశాలకు అలవడిన దినమున అతని గుమ్మము తనంతట తానే ఖాళీ యగును.

మ్రొక్కును మందును

అమెరికా దేశపు మానవశాస్త్రజ్ఞుడు చార్లెస్ నకల్స్ విశాఖ జాలరుల మధ్య ఉండి వారి జీవనమును పరిశీలించి గ్రంథములు వ్రాసెను. ఇంట జబ్బు వచ్చినపుడు ఇంటి దేవతకు కోపము వచ్చినదేమో, బంధువులలో పొరపొచ్చెము కలిగినదేమో అని వారు దాసుని అడిగి తెలిసికొందురని ఆయన వివరించెను. ఆరోగ్య కార్యకర్తలు దీనిని చూచి నవ్వరాదు. అమ్మవారికి మ్రొక్కిన చేతితోనే మాత్ర మ్రింగవచ్చును. మ్రొక్కును వెక్కిరించినవారి మందును ఎవరును నమ్మరు. పేటవారి నమ్మకమును పొందగలది పేటలో పుట్టి పెరిగిన మనిషియే. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకమున ఊరి స్త్రీనే ఆశా కార్యకర్తగా ఎన్నుకొనుటలోని మర్మము ఇదియే.

పెద్దలు ముందే చెప్పినది

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1946లో భోర్ కమిటీ, మొదటి మెట్టుగా 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని సిఫారసు చేసెను. 1952లో సమాజ వికాస పథకము మొదలైన పిమ్మట బ్లాకులలో అట్టి కేంద్రములు వెలసెను. 1978లో ఆల్మా ఆటా నగరమున సమావేశమైన దేశములు, ప్రజలు నివసించు చోటికే గాక పనిచేయు చోటికిని వైద్యము వీలైనంత చేరువగా ఉండవలెనని ప్రకటించెను. జాలరికి పనిచేయు చోటు సముద్రము, అతని ఇల్లాలికి చేపల బజారు. రైతునకు అది పొలము.

పల్లెలకు కేంద్రములు ఏర్పడినవి గాని, నగరములలోని పేదపేటలు చిరకాలము వెనుకబడినవి. 2013లో మొదలైన జాతీయ నగర ఆరోగ్య పథకము సుమారు 50,000 జనాభాకు ఒక నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును నిర్దేశించినది. అంతేకాదు, కూలినాలి చేసికొనువారికి అనుకూలముగా ఉండుటకై మధ్యాహ్నము 12 గంటల నుండి రాత్రి 8 గంటల వరకు పనిచేయుట మేలని ఆ పథకపు మార్గదర్శకములు సూచించినవి. కాగితముమీది ఈ వేళ పేట గుమ్మములోనికి వచ్చుట అచ్చటివారు అడుగుటమీదను, అధికారులు వినుటమీదను ఆధారపడి ఉన్నది.

మన ఊరిలో చేయదగిన పనులు

జాలరిపేట కథ మన కథయే. నాట్ల దినములలోను, కోతల దినములలోను ఏ రైతు, ఏ కూలి పగటిపూట వైద్యుని వరుసలో నిలువగలడు? గ్రామాధికారులును, పంచాయతి పెద్దలును ఈ క్రింది పనులకు పూనుకొనవలెను.

1. తీరిక పట్టిక వ్రాయుడు. ఏ వాడవారికి ఏ నెలలో, ఏ వేళ తీరిక ఉండునో ఒక కాగితముపై వ్రాసి గ్రామ సభలో చదివి, ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి అందజేయుడు. వారమునకు ఒక సాయంకాలమైనను వైద్యము జరుగునట్లు కోరుడు.

2. తీరిక కాలమును వాడుకొనుడు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. పడవలు ఒడ్డున ఉండు ఆ కాలమే జాలరులకు రక్తపుపోటు, మధుమేహము పరీక్షించుటకు అనువైనది. వరి రైతునకు కోతలైన పిమ్మటి దినములు అట్టివి. 30 ఏండ్లు దాటిన ప్రతివారును ఈ పరీక్షలు చేయించుకొనవలెను.

3. నెలకు సరిపడు మందులు ఒకేసారి ఇప్పించుకొనుడు. పోటు తగ్గినదని మాత్ర మానరాదు. తగ్గినది మాత్ర వలననే.

4. వలస పోవువారిని మరువకుడు. ఉత్తరాంధ్ర తీరమునుండి అనేకులు గుజరాతులోని వేరావల్ రేవుకు పడవ పనికై పోయి నెలల తరబడి ఉందురు. రెండు వారములు మించిన దగ్గు ఉన్నవారికి బయలుదేరకముందే క్షయ పరీక్ష చేయింపవలెను. క్షయకు సాధారణముగా ఆరు నెలలు మందు మానక వాడవలెను. కావున వైద్యపు చీటీ వెంట తీసికొనిపోయినచో అచ్చటి ప్రభుత్వ వైద్యశాలలో కొనసాగించుకొనవచ్చును.

5. గర్భిణులును, పసిబిడ్డలును ఎవరి తీరికకొరకును వేచియుండరాదు. కనీసము నాలుగు పర్యాయములు గర్భిణీ పరీక్షలు జరుగవలెను. నెలకొకమారు అంగన్‌వాడిలో జరుగు ఆరోగ్య దినమును ముందుగనే దండోరా వేయింపుడు.

6. ఆపదలో 108కి పిలువవలెనని ఇంటింట పిల్లలకు సహితము నేర్పుడు. మన రాష్ట్రమున ఈ సేవ 2005లో ఆరంభమైనది.

సోదరులారా! అదను తప్పిన సేద్యము ఎంత ఎరువు వేసినను ఫలింపదని మనకు ఎవరును చెప్పనక్కరలేదు. వైద్యమును అట్టిదే. భవనము కట్టుట, వైద్యుని నియమించుట ప్రభుత్వము వంతు. ఆ తలుపు మన తీరిక వేళకు తెరచియుండునట్లు చూచుకొనుట మన వంతు. రాబోవు గ్రామ సభలో రోడ్డు, కాలువల సంగతితోపాటు ఈ ప్రశ్నను కూడ అడుగుడు: మా వైద్యశాల తలుపు ఏ వేళ తెరచియుండును?