నాటు టమాట ఎంత నాటు?

కల్వకుర్తి అంగట్లో టమాట కుప్ప ముందు రెండే మాటలు వినిపిస్తాయి: నాటు, హైబ్రిడ్. గట్టిగా, ఒకే తీరు ఎరుపుతో ఉంటే హైబ్రిడ్. తొడిమ దగ్గర పచ్చగా, పట్టుకుంటే మెత్తగా ఉంటే నాటు. పెరట్లో పది మొక్కలు పెట్టుకునేవాళ్లదీ ఇదే లెక్క. ఇప్పుడు వీటికి ఆన్‌లైన్‌లో దొరికే ‘హెయిర్‌లూమ్’ ప్యాకెట్లు తోడయ్యాయి: నల్లవి, పసుపువి, చారలవి. పాత గింజల మీద ఇష్టం పెరగడం మంచిదే. ఆ ఇష్టంతోపాటు ఇంట్లోకి వస్తున్న నమ్మకాల్లో కొన్నిటిని మాత్రం గుమ్మం దగ్గరే ఆపాలి.

అపోహ: నాటు టమాట తాతల నాటి స్వచ్ఛమైన గింజ.

టమాట పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన తీరానికి తెచ్చింది పోర్చుగీసువారు. ఇక మనం నాటు కింద జమకట్టే రకాల జాతకాలు చూడండి. పూసా రూబీ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన సూ అమెరికా రకం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా వికాస్‌ను టిప్‌టాప్ అనే అమెరికా రకం నుంచే ఎంపిక చేశారు. పీకేఎం-1 తమిళనాడులోని పెరియకుళంలో, అన్నంజి అనే స్థానిక రకంలో కావాలని ఉత్పరివర్తనం (మ్యుటేషన్) కలిగించి తీసినది.

విదేశీ ప్యాకెట్ల కథా ఇంతే. గ్రీన్ జీబ్రాను టామ్ వాగ్నర్ అనే అమెరికన్ సంకరం చేసి 1983లో బయటపెట్టాడు. చెరోకీ పర్పుల్‌ది నిజంగానే పాత గింజ, కానీ ఆ పేరు మాత్రం 1990లో పోస్టులో అందిన గింజలకు క్రెయిగ్ లెహూలియే పెట్టింది. పెరటి తోటకు వయసు కన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది: కాయలోంచి గింజ తీసి విత్తితే తల్లిలాంటి మొక్కే వస్తుందా, రాదా? పైన చెప్పినవన్నీ వచ్చేవే.

అపోహ: హైబ్రిడ్ అంటే బీటీ లాంటిదే.

పత్తి పండే ప్రాంతం కాబట్టి ఈ పొరపాటు సహజం. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్‌కు పోయినవాళ్లకైతే వివరించనక్కర్లేదు. సాయంత్రం ఆడ సాళ్లలో మొగ్గ విప్పి కేసరాలు తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దుతారు. టమాట హైబ్రిడ్ గింజా ఇలా చేతులతో తయారయ్యేదే. బీటీ అంటే బ్యాక్టీరియా జన్యువును చొప్పించడం. మన దేశంలో అలాంటి పత్తికి 2002లో అనుమతి వచ్చింది. అలాంటి టమాటకు ఇంతవరకు సాగు అనుమతి లేదు.

హైబ్రిడ్ కాయ గింజ మొలవదన్నదీ నిజం కాదు. మొలుస్తుంది, కాస్తుంది, కాకపోతే పది మొక్కలు పది తీర్లు.

అపోహ: తొడిమ చుట్టూ పచ్చగా ఉంటే అది పండని కాయ.

ఒకే తీరు ఎరుపు మీది మోజు వల్ల టమాట రుచికి ప్రపంచమంతటా నష్టం జరిగింది. కాయ మొత్తం ఒకేసారి, ఒకే రంగుకు తిరిగితే కోతకు, అమ్మకానికి సులువు. అందుకని అలాంటి రకాలనే దశాబ్దాలపాటు ఎంచుకుంటూ వచ్చారు. 2012లో సైన్స్ పత్రికలో అచ్చయిన పరిశోధన ఆ ఎంపికలో పోయిందేమిటో చూపించింది. పచ్చికాయలో పత్రహరితాన్ని పెంచే ఒక జన్యువు ఈ రకాల్లో పనిచేయదు. దాంతో కాయ సొంతంగా తయారుచేసుకునే చక్కెర తగ్గుతుంది. పీకేఎం-1కు తొడిమ చుట్టూ ఇలాంటి పచ్చ భుజాలు ఉంటాయి. అది లోపం కాదు.

రంగు విషయంలో ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. వేడి 30–32 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ తయారీ కుంటుపడుతుంది, పసుపు వర్ణకం మిగులుతుంది. వేసవిలో కాయ నారింజ రంగు దగ్గరే ఆగిపోవడానికి కారణం గింజ కాదు, ఎండ.

అపోహ: పాత రకాలకు రోగాలు రావు, ఎప్పుడు పెట్టినా కాస్తాయి.

అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేదీ, పెంచేవాళ్లను ఎక్కువగా ఏడిపించేదీ ఇదే. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌ను తట్టుకునే గుణం చాలా పాత రకాల్లో లేదు. దాన్ని టమాటకు చుట్టాలైన అడవి జాతుల నుంచి ప్రజనన శాస్త్రజ్ఞులు తెచ్చారు. అర్కా రక్షక్ ఆకుముడతను, వాడు తెగులును, ఆకుమచ్చను మూడింటినీ తట్టుకుంటుందని విడుదల చేసిన హైబ్రిడ్. దాని పక్కన బ్రాందీవైన్ అనే పాత రకాన్ని ఏ రక్షణా లేకుండా పెడితే ఏది ముందు ముడుచుకుంటుందో ఊహించవచ్చు. నారుమడి మీద సన్నకన్నుల నైలాన్ వల కప్పడం, చుట్టూ జొన్నో మక్కో రెండు మూడు సాళ్లు వేయడం పాత రకాలకు తప్పనిసరి. అర్థంకాని తెగులైతే జిల్లాలోనే ఉన్న పాలెం కృషి విజ్ఞాన కేంద్రానికి ఆకు పట్టుకెళ్లి చూపించండి.

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలుతుంది. పెద్దకాయ విదేశీ రకాలు నాటిన రెండున్నర, మూడు నెలలకు గానీ పండవు. కాబట్టి మన దగ్గర ఆగస్టు చివర్లో నారు పోసి, పూత చలికాలంలో పడేలా చూడాలి. జనవరిలో మొదలుపెడితే పూత మార్చి ఎండకు చిక్కుతుంది. కాయ అడుగున నల్లమచ్చ పడితే పురుగుమందు కొట్టకండి. అది కాయకు కాల్షియం అందక వచ్చేది. మన ఎర్ర చల్క నేల త్వరగా ఆరుతుంది. ఒకరోజు ముంచి మూడు రోజులు ఎండగట్టే బదులు కొద్దికొద్దిగా తడుపుతూ, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే చాలావరకు తగ్గుతుంది.

అపోహ: పసుపు టమాటలో పులుపుండదు, గింజలు తింటే కిడ్నీలో రాళ్లు.

పసుపు రకాల్లో ఆమ్లం చాలాసార్లు ఎర్రవాటితో సమానమే. తీపి కాస్త ఎక్కువైతే పులుపు నాలుకకు తెలియదు. రాళ్ల భయానికి కారణమైన ఆక్సలేట్ వంద గ్రాముల టమాటలో కొద్ది మిల్లీగ్రాములే, పాలకూరలోనేమో వందల్లో.

అపోహ: రకాలు పక్కపక్కన పెడితే గింజ కలిసిపోతుంది.

టమాట పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే పిందె కడుతుంది. అందుకే నాలుగు రకాలను ఒకే మడిలో, ఒకే రోజు నాటి పోల్చుకోవచ్చు. అలా కాకుండా రుచిలో ఏది గొప్పో తేల్చలేం. నా మటుకు తొక్కుకు గుజ్జున్న రకాన్నీ, చారుకు రసమున్న పుల్లటి రకాన్నీ వేరువేరుగా ఎంచుతాను. రెంటికీ ఒకే టమాట గొప్పదనేవాళ్ల మాట నమ్మను. ఇక బంగాళదుంప ఆకులాంటి ఆకులుండే కొన్ని పాత రకాల్లో కీలాగ్రం పువ్వు బయటికి పొడుచుకొస్తుంది, వాటిలో కలిసే అవకాశం ఎక్కువ. విత్తనానికి ఉంచే గుత్తికి మొగ్గ దశలోనే పల్చటి గుడ్డ సంచి కట్టి, పిందె పడ్డాక విప్పితే సరి. సంచి కట్టేది పెద్దకాయ ఉన్న మొక్కకు కాదు, చివరిదాకా ఆకు ముడవకుండా నిలిచిన మొక్కకు. బాగా పండాక గింజలను రసంతో సహా రెండు మూడు రోజులు పులియబెట్టి, పైపొర వదిలాక కడిగి, కాగితం మీద కాకుండా పళ్లెంలో నీడన ఆరబెట్టాలి. రకం పేరూ ఏడాదీ రాసి మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగైదేళ్లు మొలుస్తాయి.