పాలు పితికే చేతులకు రక్షణ ఏదీ?

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే జాతీయ రహదారిపై మహబూబాబాద్ జిల్లా మరిపెడ ఉన్నది. ఇక్కడి పల్లెల్లోనూ తండాల్లోనూ సేద్యంతో పాటు బర్రెలూ ఆవులూ కుటుంబానికి ఆసరా. తెల్లవారక ముందే కొట్టంలో పని మొదలవుతుంది. పేడ తీయడం, మేత వేయడం, పాలు పితకడం ఇళ్లలో ఎక్కువగా స్త్రీల వంతు. పెద్ద ఫారాల్లో జీతగాళ్ల వంతు. బ్యాంకు రుణంతో కొన్న బర్రెకు బీమా ఉంటుంది, చెవికి గుర్తుబిళ్ల ఉంటుంది. దాని పక్కన కూర్చుని పాలు పితికే మనిషిని శ్రామికురాలిగా లెక్కించేవారు మాత్రం అరుదు. ఆమెకు గాయమైతే ‘బర్రె తన్నింది’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాము. నిజానికి ఈ ప్రమాదాల్లో అనేకం నివారించదగినవే.

తన్నుకు కారణముంటుంది

పశువు కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. చుట్టూ చాలామేరకు కనిపిస్తుంది గాని, సరిగ్గా తన వెనుక నిలిచిన మనిషి కనిపించడు. అటునుంచి హఠాత్తుగా చేయి తగిలితే బెదిరి తన్నుతుంది. కనుక పలకరిస్తూ, భుజం వైపు నుంచి సమీపించాలి. ఎంత సాధువైన పశువైనా పొదుగువాపు నొప్పితో ఉన్నప్పుడు తన్నవచ్చు. కొత్తగా ఈనినప్పుడు దూడ కోసం కుమ్మవచ్చు. అలవాటైన బర్రె ఉన్నట్టుండి తన్నితే కర్ర ఎత్తడం కాదు, పొదుగు పరీక్షించడం అవసరం.

పలుపుతాడును చేతికి చుట్టుకోరాదు. పశువు ఒక్కసారి లాగితే వేళ్లు తెగవచ్చు, మనిషినే ఈడ్చుకుపోవచ్చు. సూది వేయించేటప్పుడు ఒంటరిగా పట్టుకోక, గట్టి గుంజకు కట్టివేయాలి. కొట్టం నేల జారకుండా ఉండాలి. గడ్డి కోసే యంత్రం చక్రాలకు మూత ఉండాలి. కొంగు, చున్నీ బిగించుకున్న తర్వాతే దాని దగ్గరకు వెళ్లాలి.

కంటికి కనిపించని హాని

నెలలు నిండక ఈసుకుపోయిన పశువు మావిని వట్టి చేతులతో తీయడం మన పల్లెల్లో సాధారణం. దానికి కారణం బ్రూసెల్లోసిస్ అయితే, ఆ క్రిములు చేతి గీతల గుండా మనిషికి సోకుతాయి. పచ్చిపాల ద్వారా కూడా సోకుతాయి. వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్లనొప్పులు, నీరసం దీని లక్షణాలు. వీటిని మామూలు జ్వరమని భ్రమపడే ప్రమాదమున్నది. పశువుల పని చేస్తున్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. చికిత్స వారాల తరబడి సాగుతుంది. మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెడుతుంది. చేతి తొడుగులు వాడటం, మావిని లోతుగా పూడ్చడం, పాలు కాచి తాగడం దీనికి రక్ష. 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల వయసు ఆడ దూడలకు ఈ వ్యాధి టీకా వేస్తారు.

యజమాని బాధ్యత

పనివారిపై శక్తికి మించిన భారం మోపవద్దనీ, మోపవలసి వస్తే స్వయంగా సాయపడాలనీ దైవప్రవక్త (స) బోధించారు. మొండి పశువును పట్టే వేళ పనివానికి తోడుగా మరో మనిషిని నిలపడం ఈ బోధకు ఆచరణరూపమే. గాయపడినవారికి వైద్యం చేయించాలి, మంచాన ఉన్న దినాల జీతం కోయరాదు. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉన్నది. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షల రూపాయలు అందుతాయి. అయితే బీమా ఉన్నంత మాత్రాన యజమాని బాధ్యత తీరదు.

ఇంట్లో తల్లి, భార్య, కోడలు చేసే పని కూడా పనే. వారికి తన్ను తగిలిన నాడు పాల లెక్కకన్నా ముందు వారి దెబ్బ చూడాలి. పశువు ఈసారి ఎన్ని లీటర్లు ఇచ్చిందని అడిగే ఇల్లు, పితికిన చేయి ఎలా ఉందని కూడా అడగాలని మా మనవి.