గుమ్మం దాకా వచ్చే తీగ కథలు

వీధంతా చీకటైనా పాత ల్యాండ్‌లైన్ మోగేది. దానికి కరెంటు మన మీటరులోంచి వచ్చేది కాదు మరి. ఎక్స్ఛేంజిలో పేర్చిన బ్యాటరీల నుంచి, మాటలు నడిచే రాగి తీగల జత మీదే 48 వోల్టుల డీసీ వచ్చేది. గంట కొట్టడానికి మాత్రం ఏసీ పంపేవారు, సుమారు 75 వోల్టులు. సరిగ్గా అప్పుడే తీగ పట్టుకున్న లైన్‌మ్యాన్‌కు చురుక్కుమనేది!

ఆ తీగలు రెండూ మెలితిరిగి ఉంటాయి. పక్కనున్న కరెంటు లైన్ల రొద రెండింటి మీదా ఇంచుమించు సమానంగా పడి, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. 1881లోనే గ్రాహంబెల్ దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు.

మాట వినబడటానికి 300 నుంచి 3,400 హెర్ట్జ్ చాలు. ఆ పైన ఖాళీగా ఉన్న చోటును ఏడీఎస్ఎల్ ఇంటర్నెట్‌కు వాడుకుంది. రోడ్డు తవ్వే పని తప్పింది. కాకపోతే ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది, నాలుగైదు కిలోమీటర్లు దాటితే నత్తనడకే.

ఇక ఫైబర్. అందులో వెలుగు నడిచే గాజు దారి మందం 9 మైక్రాన్లే, తల వెంట్రుకలో చిన్న వంతు. జీపాన్ పద్ధతిలో ఒకే పోగును స్ప్లిటర్ 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. దానికి కరెంటే అక్కర్లేదు. మీ పక్కింటివాళ్లు చూసే సినిమా మీ ఇంట్లో ఫైబర్ తగిలించిన పెట్టె దాకా కూడా వస్తుంది, కానీ తాళం వేసి ఉంటుంది. మీ పెట్టె తనది మాత్రమే తెరుస్తుంది.

నాకు ముచ్చటేసేది తిరుగు ప్రయాణం. అందరూ ఒకేసారి వెలుగు పంపితే కలగాపులగమే. అందుకే ఎక్స్ఛేంజి వైపు యంత్రం ఒక్కో ఇంటి దూరాన్నీ కొలిచి, ఎవరు ఏ క్షణంలో పంపాలో చెబుతుంది. పోయేదీ వచ్చేదీ ఒకే పోగులో, వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో: ఇంటికి 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి 1310. రెండూ కంటికి కనబడవు. కనబడదు కదా అని తీగ చివర కన్ను పెట్టి చూడకండి.

ఇంత చేసినా ఫైబర్ కరెంటును మోయలేదు. కరెంటు పోతే పెట్టెకు ఇన్వర్టరే దిక్కు. ఈ ఒక్క విషయంలో రాగిదే పైచేయి.

అసలు ఖర్చు గాజుది కాదు, తవ్వకానిది. ఏపీ ఫైబర్‌నెట్ చాలా చోట్ల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది, 2017 డిసెంబరులో జాతికి అంకితమైంది. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు.